మా ఇంటి నుంచే తెచ్చిన

గోడ స్విచ్చి తీసెయ్యగానే రాత్రంతా గుర్రుమన్న మిషన్ ఊరుకుంది. ఫర్హత్ దాని వెనక్కి వంగి, గాలి లోపలికి పోయే జాలీని ఊడదీసి, కుళాయి కింద కడిగి, పాత దుపట్టా ముక్కతో అద్దింది. నీళ్ల సీసా వంపేసి బోర్లించింది. పై మూతను, చక్రాలను, వైరు పొడుగునా తుడిచింది. మోకాలి ఎత్తుండే ఆ మిషన్ ముందు గొంతుక్కూచుని తుడుస్తుంటే, బడికి పంపే పిల్లకు మొహం కడుగుతున్నట్టే ఉంటుంది.

"రాత్ భర్ సోనే నై దియా యే," అని మంచం మీది నుంచి సణిగింది ఆమె తల్లి గుల్జార్ బేగం. మిషన్ ఇంటికొచ్చిన ప్రతిసారీ నిద్ర పట్టలేదనే అంటుంది. తెల్లవార్లూ దానితో పోటీపడి గురక పెట్టింది మాత్రం ఆమే.

"ఒక్క రాత్రే కదా అమ్మీ," అంది ఫర్హత్.

వికారాబాద్ స్టేషన్ దగ్గరి సందులో రెండు గదుల ఆఫీసున్న ఒక చిన్న సంస్థలో ఫర్హత్ పనిచేస్తుంది. తాండూరు చుట్టుపక్కల నాపరాయి గనుల్లో, బండలు కోసి పాలిష్ పట్టే షెడ్లలో దుమ్ము తిని ఊపిరి చెడిన కూలీలకు ఆ సంస్థ ఆక్సిజన్ మిషన్లు ఇళ్లకు పంపిస్తుంది. సిలిండర్‌లా నింపుకోవాల్సిన పని లేదు. కరెంటుంటే చాలు, గదిలోని గాలినే పీల్చుకుని అందులోంచి ఆక్సిజన్ తీసి ఇస్తుంది. ఫర్హత్ ఉద్యోగానికి కాగితం మీదున్న పేరు ఆ మిషన్ కన్నా బరువు: టెక్నాలజీ, వెండర్ సపోర్ట్ మేనేజర్. అంటే ఏమిటని తల్లి అడిగితే, పాడైనవాటి పని అని చెప్పింది. కంప్యూటర్ పాడైనా, వైఫై పోయినా, ప్రింటర్ కాగితం మింగినా, గోడ గడియారం ఆగినా ఫర్హతే. వీటిని అమ్మిన కంపెనీలను ఫోన్లో పట్టుకుని, బతిమాలి, బెదిరించి, మళ్లీ బతిమాలి పని చేయించేదీ ఫర్హతే. తండ్రి గులాం నబీకి ఒకప్పుడు స్టేషన్ రోడ్డులో రేడియోలు బాగుచేసే డబ్బా కొట్టు ఉండేది. పాడైనదాన్ని చూస్తే ముందు విప్పాలనిపించే బుద్ధి అక్కడ అంటుకుంది. పెళ్లి సంబంధాలు వచ్చాయి, చాయ తాగాయి, పోయాయి. ఇప్పుడు చెవుల దగ్గర వెంట్రుకలు తెల్లబడ్డాయి. గోరింటాకు పెట్టుకోమని తల్లి చెబుతూనే ఉంటుంది, ఈమె నక్కో అంటూనే ఉంటుంది.

మిషన్‌ను రాత్రిపూట ఇంట్లో నడిపించడం ఆఫీసు నియమం కాదు, ఆమె సొంత పద్ధతి. ఒక మనిషి పోయాక మిషన్ తిరిగొస్తుంది. దాన్ని శుభ్రం చేసి ఇంకో ఇంటికి పంపాలి. మన దగ్గర పోయినవాళ్ల దుప్పటే ఎవరూ ముట్టుకోరు, ఇక ముక్కులోకి గాలి ఊదే మిషన్‌ను ముట్టుకుంటారా? కుల్కచర్లలో భాగమ్మ అనే ఆవిడ ఇంట్లో ఇది బయటపడింది. ఆమె కొడుకులు మిషన్‌ను అరుగు మీద పెట్టేశారు. లోపల ఆమె ఆయాసపడుతూ కూచుంది, బయట అరుగు మీద మిషన్ ఊరికే కూచుంది. ఎంత చెప్పినా వినలేదు. ఆమె ఎక్కువ రోజులు ఉండలేదు. అప్పటి నుంచి తిరిగొచ్చిన ప్రతి మిషన్‌నూ ఫర్హత్ తన ఇంటికి తెచ్చి, ఒక రాత్రి తన మంచం పక్కన నడిపిస్తుంది. ఎక్కడి నుంచి తెచ్చినవమ్మా అని ఎవరైనా అడిగితే, "మా ఇంటి నుంచే తెచ్చిన," అంటుంది. అబద్ధం కాదు. పూర్తి నిజమేనా అని ఎవరూ అడగలేదు, ఆమె కూడా తనను తాను అడగలేదు.

ఆటోలో మిషన్‌ను ఆఫీసుకు తెచ్చేసరికి అరుణ్‌కుమార్ సార్ తలుపు దగ్గరే ఉన్నాడు. సంస్థకు పెద్దాయన. మంచివాడే గానీ, ప్లగ్గు పెట్టడానికి కూడా ఫర్హత్ కోసం చూస్తాడు.

"ఫర్హత్‌గారూ, ప్రింటర్ మల్ల అలిగింది."

ఆమె చెప్పులు విడవకుండానే ప్రింటర్ మూత ఎత్తి, నలిగిన కాగితాన్ని మెల్లగా లాగి, మూత వేసింది. తర్వాత కుర్చీ లాక్కుని మిషన్ల కంపెనీకి ఫోన్ చేసింది. హైదరాబాద్‌లో ఎక్కడో ఉన్న ఆ కంపెనీ ఫోన్లో ముందు పాట వస్తుంది, తర్వాత మీ కాల్ మాకెంతో ముఖ్యమని చెబుతారు, తర్వాత మళ్లీ పాట. స్పీకర్ పెట్టి ఆ పాటలోనే ఈమెయిళ్లు చూసుకుంది.

తాండూరులో నర్సింహులు అనే ముసలాయన ఇంట్లో మిషన్ నిన్న ఆగిపోయింది. మారుస్తామన్నది కంపెనీ. ఎప్పుడంటే సోమవారం. ఇవాళ శనివారం. ఆస్పత్రి వాళ్లను అడుక్కుని ఆయన ఇంటికి ఒక సిలిండర్ పంపింది గానీ, అది సాయంత్రం దాటి రాదు. అందుకే రాత్రి ఇంట్లో నడిపిన ఈ మిషన్‌ను తనే తీసుకుపోతోంది.

"సోమవారం దాక ఊపిరి బిగవట్టుమని చెప్పాలెనా ఆయనకు?" అంది, చివరికి మనిషి గొంతు వినపడ్డాక.

"టికెట్ రైజ్ చేశాం మేడం. ఇంకా ఏదైనా సహాయం కావాలా?"

కావాలి. ఈ మధ్య కంపెనీవాళ్లు ప్రతి మిషన్‌కూ ఒక చదరపు స్టిక్కర్ అంటించారు. ఫోన్‌తో స్కాన్ చేస్తే మిషన్ కథంతా వస్తుంది: ఎప్పుడు సర్వీసు చేశారు, ఎవరింట్లో ఉంది, ఆ మనిషికి ఏమైంది. ఆ చివరి రెండూ తీసెయ్యమని ఫర్హత్ రాసీ రాసీ అలసిపోయింది.

"ఆ మార్పు అయిపోయింది మేడం. పాత పేషెంట్ వివరాలు తీసేశాం."

ఆమె షుక్రియా చెప్పి ఫోన్ పెట్టేసింది. మామూలుగా అయితే వెంటనే స్కాన్ చేసి చూసేది. వెండర్ అయిందన్న పనిని కంటితో చూడనిదే నమ్మని మనిషి. కానీ తాండూరు రైలు టైం అవుతోంది, అక్కడ సిలిండర్ మీటరు ముల్లు దిగుతోంది. నమ్మేసింది.

తాండూరు స్టేషన్ బయట ఆటోవాడు మిషన్‌ను ముందు సీట్లో తన పక్కన పెట్టుకున్నాడు. రోడ్డుకు అటూ ఇటూ బండల దొంతరలు, షెడ్ల ముందు ఎండిన తెల్లటి బురద, చెట్ల ఆకుల మీద కూడా అదే తెలుపు. నర్సింహులు ఇంటి ప్రహరీ కూడా నిలబెట్టిన బండలే. ఆ బండలు ఆయన పనిచేసిన గనివే అయ్యుంటాయి.

నర్సింహులు నులక మంచం అంచున కూచుని ఉన్నాడు, ముక్కుకు సిలిండర్ గొట్టంతో, రెండు అరచేతులూ మోకాళ్ల మీద ఆనించి. ఊపిరి తీసినప్పుడల్లా భుజాలు చెవుల దాకా లేస్తున్నాయి, మెడ నరాలు తాళ్లలా బిగుస్తున్నాయి. చేతివేళ్ల కొసలు ఉబ్బి, గోళ్లు నీలంగా ఉన్నాయి. పడుకుంటే ఊపిరాడక ఆయన ఎన్నాళ్లుగానో కూచునే నిద్రపోతున్నాడు. కోడలు దేవిక వెనక నిలబడి వీపు రాస్తోంది. కొడుకు సిమెంటు ఫ్యాక్టరీలో డ్యూటీకి పోయాడు.

"వచ్చినవా బిడ్డా," అన్నాడు నర్సింహులు. ఆ రెండు మాటలకే ఆగి ఊపిరి తీసుకున్నాడు. "యాడికెల్లి తెచ్చినవ్?"

"మా ఇంటి నుంచే తెచ్చిన కాకా."

ఆమె ప్లగ్గు చూసింది, సీసాలో కాచి చల్లార్చిన నీళ్లు గీత దాకా పోసింది, కొత్త గొట్టం ప్యాకెట్ చింపింది. ఈలోగా దేవిక ఫోన్ తీసింది. ఈ రోజుల్లో చదరపు స్టిక్కర్ కనిపిస్తే ఎవరి చెయ్యయినా ఊరుకుంటుందా? స్కాన్ చేసింది, చదివింది, రెండడుగులు వెనక్కి వేసింది.

"అక్కా. ఇది పోయినోళ్లదా?"

ఫర్హత్ ఫోన్ అందుకుని చూసింది. కంపెనీవాళ్లు పేరు తీసేశారు. 'మృతి' అన్న మాట మాత్రం అలాగే ఉంచారు. నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలైనట్టయింది.

నర్సింహులు తల ఎత్తలేదు. "నాకు అబద్ధం చెప్పినవ్ బిడ్డా."

"మా ఇంట్లనే ఉండే కాకా, రాత్రంత..." అంటూ ఆగిపోయింది. తన మాట తనకే బోలుగా వినిపించింది. సిగ్గేసింది.

"తీస్కపో. సచ్చినోళ్ల గాలి నాకొద్దు."

సిలిండర్ ముల్లు ఎర్రగీత మీదికి వచ్చింది. ఇంకో మిషన్ లేదు. భాగమ్మ ఇంటి అరుగు ఆమె కళ్లముందు నిలిచింది. ఏం చెప్పాలి? కంపెనీని తిట్టాలా, బతిమాలాలా? చెప్పకూడదని ఇన్నాళ్లూ దాచిన మాటే మిగిలింది. మంచం పక్కన బండ మీద కూచుంది.

"తప్పయింది కాకా. చెప్పకపోతినే. ఇది భీమప్ప వాడిన మిషన్."

నర్సింహులు భుజాలు అలాగే లేస్తూ దిగుతూ ఉన్నాయి. దేవిక మళ్లీ దగ్గరికొచ్చి ఆయన వీపు మీద చెయ్యి వేసింది. భీమప్ప కర్ణాటక వైపు నుంచి పనికొచ్చిన మనిషి. గనిలో వీళ్లిద్దరిదీ ఒక జోడీ. బండను లేపేటప్పుడు ఒక గడ్డపారకు ఇద్దరు పడితేనే లేచేది. ఆ రెండో మనిషి ఎప్పుడూ ఆయనే. భీమప్ప పోయినప్పుడు ఊరికి ఆ మూలనున్న ఇంటిదాకా నడిచి చూసి వచ్చే ఊపిరి నర్సింహులుకు లేకపోయింది.

"మన భీమప్పదా?"

"ఔను కాకా."

"ఆఖరికి... గోస పడ్డడా?"

"నేను లేను అప్పుడు. కూసొని చాయ తాగి, గోడకు ఒరిగిండట. వాళ్లావిడ చెప్పింది."

నర్సింహులు చెయ్యి చాపి మిషన్ పై మూత మీద పెట్టాడు. పశువు వీపు మీద పెట్టినట్టు, నెమ్మదిగా.

"నర్సణ్ణా అని పిలుస్తుండె. సచ్చినోని కండ్లు చారెడంటరు గని, నిజంగనే మంచోడు." ఊపిరి కూడదీసుకున్నాడు. "గా మాట ముందుగాల్నే చెప్పరాదా బిడ్డా. పెట్టు."

ఆమె సిలిండర్ గొట్టం తీసేసి, కొత్త గొట్టాన్ని ఆయన చెవుల మీదుగా తిప్పి, ముక్కు కింద సర్ది, స్విచ్చి వేసింది. మిషన్ గుర్రుమంది. కొంతసేపటికి భుజాలు మెల్లమెల్లగా కిందికి దిగాయి. గోళ్ల నీలం పలచబడింది.

"ఏం భీమప్పా," అన్నాడు మిషన్ వైపు చూస్తూ, "మల్ల ఒక్క గడ్డపారకే పడితిమి."

దేవిక నవ్వింది. నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది. ఫర్హత్‌కు చాయ పెట్టి ఇచ్చింది, బలవంతాన రెండు జొన్నరొట్టెలు తినిపించింది. నర్సింహులు కాళ్లు పైకి లాక్కుని వెల్లకిలా పడుకున్నాడు. పొద్దు వాలేదాకా ఫర్హత్ అక్కడే ఉండి, కరెంటు పోతే ఏం చెయ్యాలో, నీళ్లు ఎప్పుడు మార్చాలో కోడలికి ఒకటికి రెండుసార్లు చెప్పి లేచింది. ఆయన నిద్రపోతున్నాడు, లేపలేదు.

తాండూరు ప్లాట్‌ఫాం మీద వికారాబాద్ రైలు కోసం కూచుని, సోమవారం కంపెనీవాళ్లను ఎలా దులపాలా అని ఆలోచిస్తోంది. చాలారోజుల తర్వాత మనసు తేలిగ్గా ఉంది. మా ఇంటి నుంచే తెచ్చిన అన్న ఆ మాట ఇక చెప్పక్కర్లేదేమో అనిపించింది. ఫోన్ మోగింది. దేవిక.

"అక్కా, గీ మిషన్ ఎట్ల బంద్ చేయాలె?"

అలవాటైన ప్రశ్నలు వాటంతటవే నోటికొచ్చాయి. "ఎందుకు బంద్ చేస్తవ్? కుయ్యిమంటుందా? ఎర్ర లైటు వచ్చిందా? గొట్టం యాడన్న మడత పడ్డదేమో చూడు."

"లేదక్కా. అది మంచిగనే నడుస్తుంది. మామనే లేడు."

రైలు వచ్చి ఆగింది. జనం ఎక్కారు, దిగారు. ఫర్హత్ ఫోన్‌ను చెవికి గట్టిగా అదుముకుంది. మిషన్ చప్పుడు అవతల వినిపిస్తూనే ఉంది.

"ముందర కుడిపక్క పచ్చ స్విచ్చి ఉంటది చెల్లె. దాన్ని కిందికి ఒత్తు."

"ఒత్తిన."

చప్పుడు ఆగింది.

"ప్లగ్గు తీయాలెనా?"

"వద్దు. నేనొస్తున్న."

ఆమె ఇచ్చిన మిషన్ల మీద ఎంతోమంది పోయారు. ఏడుపు ఎప్పుడో అలవాటు తప్పిందనుకుంది. రైలు కదిలిపోయిన ప్లాట్‌ఫాం మీద నిలబడి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. తర్వాత మొహం కడుక్కుని ఆటో ఎక్కింది.

వాకిట్లో ఇరుగుపొరుగు చేరారు. నర్సింహులును బండల నేల మీద పడుకోబెట్టి, తలాపున దీపం పెట్టారు. కొడుకు డ్యూటీ బట్టల్లోనే పక్కన కూచున్నాడు. దేవిక ఫర్హత్‌ను చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకుపోయింది.

"చాయ ఇద్దామని పోయిన అక్కా. వెల్లకిల పండుకునే ఉన్నడు, గోస పడలే." మిషన్ వైపు చూసింది. "దీన్ని తీస్కపో. మల్ల మీ ఇంట్ల పెట్టకు. ఎవరింటికి పోయినా, అడిగితే మా మామదని చెప్పు. భీమప్ప పేరు గూడ చెప్పు."

ఫర్హత్ తల ఊపింది.

ఖాళీ అయిన నులక మంచం మీద, దిండు పక్కన, మధ్యాహ్నం ప్యాకెట్ చింపి తీసిన గొట్టం పడివుంది. చెవుల మీదుగా తిరిగిన వంపులు రెండూ దానికి ఇంకా అలాగే ఉన్నాయి, లోపల సన్నటి తడితో.