టామరాక్ కనుమకు ఇవతల

పళ్ళేల మధ్య తువ్వాళ్ళు సర్దుతున్నాను. ఇల్లు ప్రయాణం కట్టినప్పుడు ఇల్లాలికి మిగిలే పని ఇదే. పగిలేవాటిని మెత్తటివాటి మధ్య దాచాలి, అలమర తలుపులకు గడియలు పెట్టాలి, గ్యాసు కట్టేయాలి, కిటికీలు బిగించాలి. మా ట్రెయిలరు చిన్నదే అయినా ఇల్లే. అందులో పొయ్యి ఉంది, పడక ఉంది, స్నానాల గది అనిపించుకునే ఒక మూల ఉంది. ట్రక్కు వెనక తగిలిస్తే ఆ ఇల్లు మా వెంట వస్తుంది. ఇంటి పనీ దానితోపాటే వస్తుంది.

బయట నా భర్త రాయిస్ ట్రెయిలరు వెనకవైపు ట్యాంకులోకి గొట్టం పెట్టి నీళ్ళు పడుతున్నాడు. మేం పోతున్న సరస్సు దగ్గర నీళ్ళు బాగుండవని అక్కడున్న అతని తమ్ముడు వెండెల్ చెప్పాడట.

"సగం చాలు రాయిస్. వెనక అంత బరువుంటే దిగుడులో బండి ఊగుతుంది," అన్నాను కిటికీలోంచి.

"మొదలెట్టావా? పొద్దున్నే ఏదో ఒకదానికి భయపడకపోతే నీకు తోచదు గదా," అన్నాడు, గొట్టం తీయకుండానే.

భయం. ఆ మాట నాకు కొత్త కాదు. పెళ్ళయిన కొత్తలో మంచు రోడ్డు మీద మెల్లగా పొమ్మన్నప్పుడు మా అత్తగారు వెనక సీటులోంచి ఆ మాటే అన్నారు. మగవాడు బండి నడిపేటప్పుడు పక్కనున్న ఆడది తన భయం తన ఒళ్ళోనే పెట్టుకోవాలన్నారు. అప్పటినుంచీ నా ఒడి నిండుగానే ఉంది. అందులో ఉన్నది భయమా, మరొకటా అన్నదే నాకు తేలడం లేదు.

ఈ ప్రయాణానికి దారి వేసింది నేను. మోంటానాలో మంచు కరుగుతున్న రోజుల్లో వంటింటి బల్లమీద పటం పరిచి, పెన్సిలుతో గీసి, చెరిపి, మళ్ళీ గీశాను. ఫోను చూపేది కార్లు పోయే దారి. వెనక ఇల్లు లాగే బండికి దారి వేరు. రైలు వంతెనల కింద మా కప్పుమీది ఏసీ పెట్టె తగలకూడదు. పెట్రోలు బంకులో ఇంత పొడుగు బండి తిరగడానికి చోటుండాలి. మైదానంలో గాలి లేచేలోపే మైదానం దాటాలి. వెలుతురుండగానే విడిదికి చేరాలి. అన్నిటికన్నా ముఖ్యం, టామరాక్ కనుమ జోలికి పోకూడదు. ఎక్కడం ఎలాగో ఎక్కుతాం. అవతలి దిగుడు మాత్రం ఆగకుండా సాగే దిగుడు, బ్రేకులు కాలిపోయే దిగుడు. అందుకే నది వెంట చుట్టుదారి గీశాను. ఆ గీత గీసిన రోజు, ఎందుకో, నాలో నేను పాడుకున్నాను.

నిన్న వెండెల్ ఫోను చేశాడు. నాకూ వినబడేలా రాయిస్ దాన్ని బల్లమీద పెట్టాడు. "చుట్టుదారా? అంతా వదిన పనే అయుంటుంది. కొండ పేరెత్తితే ఆవిడకి దడ. కనుమ మీదుగా వచ్చెయ్యి అన్నయ్యా, మధ్యాహ్నానికి చేపలు వేయించుకుందాం," అన్నాడు. రాయిస్ నవ్వి సరేనన్నాడు. నేనూ నవ్వాను. ఎందుకు నవ్వానో రాత్రంతా వెతుక్కున్నాను.

విడిది చేరినప్పుడల్లా రాయిస్ బండి వెనక్కి తెస్తుంటే వెనక నిలబడి చేతులూపేది నేనే. చుట్టుపక్కల మగవాళ్ళు మడత కుర్చీలు ఇటు తిప్పుకుని, బీరు తాగుతూ, మమ్మల్ని వేడుకలా చూస్తారు. బండి తిన్నగా నిలిస్తే రాయిస్ పనితనం. వంకరగా నిలిస్తే నా సైగల లోపం. దారి సంగతీ అంతే. ఏమీ జరగకుండా ఇల్లు చేరితే నేను వట్టి పిరికిదాన్ని. నా తెలివి రుజువు కావాలంటే మేమిద్దరం లోయలో పడాలి. ఇదెక్కడి న్యాయమో ఎంత ఆలోచించినా అర్థం కాదు. ఒక్కోసారి, దేవుడు క్షమించుగాక, చిన్న ప్రమాదం ఏదైనా జరిగితే బాగుండునని కూడా అనిపిస్తుంది. ఆ కోరిక చూసి నాకే జడుపు. అంటే నాలో భయం ఉన్నట్టేనా?

బయలుదేరాం. రాయిస్ ఈల వేస్తున్నాడు. పటం నా ఒళ్ళో మడతలోనే ఉంది. కనుమకు ముందు ఒక చిన్న దిగుడు, పసిపాప దొర్లినా దెబ్బ తగలనంత దిగుడు. అక్కడే పక్కనుంచి ఒక లారీ దూసుకుపోయింది. ఆ గాలికి మా వెనక ఇల్లు కదిలింది. తోక ఊపినట్టు ఒకసారి అటు, మరింత గట్టిగా ఇటు. ట్రక్కును కూడా పక్కకు ఈడ్చింది. ఈల ఆగింది. స్టీరింగు మీద రాయిస్ వేళ్ళు తెల్లబడ్డాయి.

"ట్రక్కు బ్రేకు తొక్కకు. చేతి దగ్గరున్న ట్రెయిలరు బ్రేకు ఒక్కటే నొక్కు, మెల్లగా," అన్నాను. నా గొంతు నాకే తెలియనంత నిదానంగా ఉంది. అతను నొక్కాడు. ఊపు సన్నగిల్లింది.

కనుమకు ఇవతల, లారీలవాళ్ళు ఆగి బ్రేకులు చూసుకునే చోట బండి ఆపాడు. ఎడమకు తిరిగితే నది దారి, తిన్నగా పోతే కొండ. అతని నుదుట చెమట. చేత్తో తుడుచుకున్నాడు.

"సరే, చుట్టూ తిరిగే పోదాం," అన్నాడు చివరికి, నా వైపు చూడకుండా. "నువ్వు భయపడ్డావని వెండెల్‌కి చెప్తాలే."

ఒప్పుకుంటే అయిపోతుంది. ఇన్నాళ్ళూ అలాగే అయిపోయింది. కోరిన దారి దొరికింది, ప్రాణాలు నిలిచాయి, ఇంకేం కావాలి నీకు అని నన్ను నేనే అడిగాను. రాయిస్ తన భయాన్ని నా ఒళ్ళో పెడుతున్నాడని తెలిసింది. నా దారి అతని నిర్ణయమైపోతే, బదులుగా నాకు మిగిలేది ఆ భయం ఒక్కటే. అప్పటికింకా నిర్ణయించుకోలేదు. చెయ్యి మాత్రం ఫోను అందుకుంది.

"వెండెల్, మేం రేపు వస్తాం. నది దారిన," అన్నాను.

"ఏం వదినా, దడ పుట్టిందా?" అతని వెనక ఇంకెవరో నవ్వారు.

రాయిస్ కిటికీ బయటికి చూస్తున్నాడు. అతని చెవులు ఎర్రబడ్డాయి. అతని భయం మాట నేను ఎత్తలేదు.

"లేదు వెండెల్. వెనక ఈ బరువుతో ఆ కనుమ దిగకూడదు. నాకు తెలుసు కనుక వద్దన్నాను. దారి వేసింది నేను."

అటువైపు నవ్వు ఆగింది. ఫోను పెట్టేశాక నా చేతులు వణికాయి, చాలాసేపు వణికాయి. అది భయమే, కాదనను. పటం మీద ఆ గీత గీసింది మాత్రం ఆ భయం కాదు.