బొట్టు పెట్టిన మట్టి

మట్టి ఇంకా ఆరలేదు, ఆరితే అట్టపెట్టెలో సర్దేయవచ్చు, నాలుగింటి బస్సుకి టెక్కలి, రేపే ప్రదర్శన, అక్కడ మెచ్చితేనే ఈ కాలనీ బడిలో బొమ్మల క్లాసు ఇంకో ఏడాది సాగేది, అనుకుంటూనే బొమ్మల టీచరు తనూజ ఆ బొమ్మ వైపు చూడకుండా ఉండలేకపోతోంది, జానెడు లేదు, గుడ్లురిమి చూస్తోంది, నుదుట కుంకుమ, పొద్దున లేదది, పోర్టు కోసం ఊరు ఖాళీ చేసి వచ్చిన దగ్గర్నుంచి నోరు విప్పని సుస్మిత, ఆరో తరగతి పిల్ల, మీ ఊళ్లో మీకిష్టమైంది చెయ్యండర్రా అంటే ఇది చేసింది, నుదురు బోసిగా ఉందే అని నోరు జారింది తనే, అన్నం బెల్లు కొట్టగానే ఇంటికి పరుగెత్తి కుంకుమ తెచ్చి పెట్టింది పిల్ల, పెట్టి నవ్వింది, ఆ నవ్వుకి తనూజ ఏనుగెక్కినంత సంబరపడింది, పిల్లల బాధ బయటికి రప్పించాలని విశాఖలో మూడు రోజులు నేర్పారు కదా, వచ్చింది, ఇప్పుడు గుమ్మంలో సుస్మిత నాయనమ్మ మహాలక్ష్మమ్మ కూడా వచ్చి నిలబడింది.

మహాలక్ష్మమ్మ తిట్టలేదు, తిట్టినా బాగుండేది, బొట్టెట్టీసినాక బొమ్మేటమ్మా, అమ్మోరు, పెట్టిలో ఎట్టి ఎక్కడికట్టుకెల్తావు, అంటోంది, పోనీ మీ ఇంట్లో పెట్టుకోండి మామ్మా అంటే, ఊరమ్మోరిని ఒకలింట్లో ఎట్టుకుంతారేటి, పోనీ చెరువులో కలిపేద్దామంటే, ఒకపాలి ఊర్లో ఒగ్గీసొచ్చినాం, మల్లీ ఒగ్గీమంతావేటి, గుడి కట్టుకోండి అందామని నోటిదాకా వచ్చింది గానీ, రెండూళ్లని కలిపేసిన కాలనీ ఇది, అమ్మవారి చోటు ఏ వీధిలో అన్న దగ్గర పెద్దలకి రెండేళ్లుగా పొసగడం లేదు, అసలు అమ్మవారు పోర్టు గోడ లోపలే ఉండిపోయింది, ఏటేటా పసుపునీళ్ల ముర్రాట పోసే దిక్కు లేదు, ఇదంతా తనకి తెలుసు, తెలిసీ నుదురు బోసిగా ఉందంది, పలాసలో జీడితోటల వాళ్లింట పుట్టిన తనకి, సొంతూరు ఎన్నడూ పోగొట్టుకోనిదానికి, బొట్టు పెడితే మట్టి అమ్మవారవుతుందని ఎలా తడుతుంది, బొమ్మ తీసుకెళ్తే ముసలమ్మకి కోపం, వదిలేస్తే, అక్కడ మెచ్చదగ్గ బొమ్మ ఇదొక్కటే, క్లాసు పోతుంది, కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం.

హెడ్మాస్టరు భాస్కరరావు తాళంచెవి పట్టుకుని వచ్చాడు, బడి కట్టీసే టైమైంది మేడం, ఇది ఇక్కడుంచితే రేపు రెండో ఊరోలు నా మీదకొత్తారు, తీసీండి, అన్నాడు, ఆయన తప్పూ లేదు, ఎవరి తప్పూ లేదు, ఏడుపొస్తోంది తనూజకి, అప్పుడు సుస్మిత బొమ్మని రెండు చేతులా ఎత్తుకుని టీచరు ముందుకొచ్చింది, రెండేళ్ల తర్వాత నోరు విప్పింది, టీసరు గారూ, అమ్మోరెక్కడుంతాది, అనడిగింది, ఎన్నాళ్లుగానో తనూజ ఎదురుచూసిన గొంతు, ఈ పిల్ల చేత మాట్లాడించాలనుకుంది గాని మాట్లాడితే ఏం అడుగుతుందో ఒక్కసారైనా ఆలోచించలేదు, అడిగినదానికి ఇవ్వడానికి తన దగ్గర జానెడు చోటు లేదు.