గుమ్మం దగ్గరి వాసన

బాలింత శవాన్ని వెనక గేటు నుంచి తీసుకుపొమ్మన్నాడు సూపర్‌వైజరు. ఎవరి కంటా పడకూడదట. మొన్నమొన్నటిదాకా ఇదే ఆసుపత్రిలో నేల తుడిచిన పిల్ల ఆమె. ఇక్కడి ప్రసూతి వార్డులోనే ఆపరేషనై బిడ్డను కన్నది. కుట్లకు చీము పట్టింది, ఒళ్లు పెనంలా కాలింది, కన్ను మూసింది. స్ట్రెచరు తోస్తున్నది పెద్దక్క.

తుడిచేవాళ్లందరిలో పాతకాపు పెద్దక్క. ఆసుపత్రుల్లో ఇన్ఫెక్షన్లు ఆపాలని సర్కారు గట్టి ఉత్తర్వులే ఇచ్చింది. నేల తుడవడానికి మంచి మందు డబ్బాలూ పంపింది. కాంట్రాక్టరు వాటిని స్టోరుగదిలో పెట్టి తాళం వేసి, సందు చూసి బయట అమ్ముకున్నాడు. వీళ్లకు దక్కేది బకెట్టుకు మూతెడు మందు. తనిఖీకొచ్చే పెద్దమనుషులు గుమ్మంలో నిలబడి ముక్కులు ఎగబీల్చి, వాసన బాగుందని చక్కా పోయేవారు. అందుకని ఆ మూతెడూ గుమ్మం దగ్గరే చిలకరించి, లోపలంతా వట్టి నీళ్లతో కానిచ్చేవారు. ఆ కిటుకు కనిపెట్టింది పెద్దక్కే. చచ్చిపోయిన పిల్లకు చెయ్యి పట్టుకుని మరీ నేర్పింది.

మెట్ల కింద బకెట్ల మధ్య అందరూ గుమిగూడారు.

"పని బంద్ పెడదాం! వాడే దిగొస్తాడు" అంది ఒకామె.

"బంద్ పెడితే చచ్చేదెవరు, కాంట్రాక్టరా? లోపలున్న బాలింతలు!"

"అయితే నోరు మూసుకుందామా?"

"మూసుకునే ఉన్నాం కదే ఇన్నాళ్లూ" అంది పెద్దక్క. "వాడు దొంగిలించాడు. ఆ దొంగతనం కనపడకుండా వాసన చల్లింది మనం. ఆ పిల్లను వాడొక్కడే చంపలేదు. నేనూ చంపాను."

"పొట్టకూటి కోసం చేశామక్కా!"

"దాని పసిగుడ్డు ఇంకా ఆ వార్డులోనే ఉంది. పని ఆపొద్దు, సరిగ్గా చేద్దాం. నడవండి."

పట్టపగలే స్టోరు తాళం పగిలింది. నర్సు పరుగున వచ్చింది. అడ్డుపడుతుందనుకుంటే చేతి తొడుగులు తెచ్చిచ్చింది. "డబ్బా మీదున్న కొలత ప్రకారం కలపండి, కోపంకొద్దీ గుమ్మరించకండి" అంది. మంచాలు జరిపి, మూలమూలలా తుడవడం మొదలుపెట్టారు.

ఒక మంచం దగ్గర చనిపోయిన పిల్ల తల్లి, మనవణ్ణి ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. పెద్దక్క ఆమె ముందు ఆగిపోయింది.

"అమ్మా, నీ కూతురి మంచం కింద నేను వట్టి నీళ్లతోనే తుడిచాను. మందు లేదని తెలిసీ, ఎవరికీ చెప్పలేదు."

ఆ తల్లి తలెత్తి చూసింది. ఆ చూపుకు పెద్దక్క సిగ్గుతో చచ్చిపోయింది.

సగం వార్డు మిగిలుండగానే, కాంట్రాక్టరు మనిషైన సూపర్‌వైజరు పోలీసుల్ని వెంటబెట్టుకుని వచ్చాడు.

"సర్కారు సొత్తు దొంగిలించిందెవరు?" అని గద్దించాడు ఒక పోలీసు.

"దొంగ నీ పక్కనే ఉన్నాడు!" అని వార్డంతా ఒక్కటై అరిచింది. "మందు సర్కారుది, రోగం మాది! తీసుకుంటే దొంగతనమా?"

పోలీసు పెద్దక్క రెక్క పట్టుకున్నాడు. ఆ తల్లి మనవణ్ణి నర్సు చేతికిచ్చి, నేరుగా వచ్చి పెద్దక్క ఎదుట నిలబడింది. కొడుతుందనుకుంది పెద్దక్క. కొడితే బాగుండునని కూడా అనుకుంది.

"నిన్ను మాత్రం క్షమించను" అంది తల్లి. "ఆ కర్ర ఇలా ఇయ్యి."

తుడుపుకర్ర అందుకుని, కూతురు పడుకున్న మంచం కిందికి వంగింది. రోగులకు తోడుగా వచ్చిన ఆడవాళ్లు ఒక్కొక్కరే లేచి బకెట్ల దగ్గరికి నడిచారు.