మూడు భాషల బోరు

తెల్లారగానే పుల్లయ్య మోటరు వేస్తాడు. కూతురు రజిని పలక పట్టుకుని బోరు పక్కన కూర్చుంటుంది. ఆమె ఏ భాష చదివితే ఆ దేశపు నీళ్ళు పైపులో పడతాయి. ఫిన్నిష్ నీళ్ళు పళ్ళు జివ్వుమనేంత చల్లన. జపనీస్ నీళ్ళు గోరువెచ్చన. స్వాహిలీ నీళ్ళది తొలకరి మన్ను వాసన. పుల్లలచెరువు మండలంలో నీళ్ళు రావడమే గొప్ప; ఎట్లా వచ్చాయని ఎవరూ అడగరు.

డిగ్రీ చదివిన రజినికి ఈ మూడూ ఒకేసారి నేర్చుకోవాలని కోరిక. ఒకదానికొకటి చుట్టరికం లేని భాషల్లో ఆకలిని ఏమంటారో, అలకని ఏమంటారో తెలుసుకోవడం ఆమెకు మహా ముచ్చట. మార్కాపురంలో ట్యూషన్ చెప్పే స్వర్ణలత మేడం మాత్రం రెండు పడవల మీద కాళ్ళు పెట్టొద్దంది. జపనీస్ ఒక్కటే పట్టుకుంటే ఉద్యోగం ఖాయమంది. పడవ మొహం చూడని ఊరే అయినా ఆ సామెత అందరికీ నోటికొచ్చు. పుల్లయ్య కూడా అదే పాట పాడాడు.

రజిని మిగతా రెండూ మానేసింది. కొన్నాళ్ళకు ధార సన్నబడింది, తర్వాత బురద వచ్చింది. నిన్న నేర్చిన మాట ఇవాళ గుర్తుండడం లేదు. ఆమె పుట్టిన ఏడాది నాటిన బత్తాయి చెట్లు ఆకులు ముడుచుకున్నాయి. చెట్లు పీకించి మార్కాపురం పలకల ఫ్యాక్టరీలో పనికి పోదామని పుల్లయ్య జేసీబీకి చెప్పి వచ్చాడు. ఆ పూట ఆయన అన్నం ముట్టలేదు.

మాపటేళ బోరు గురగురమనగానే ఆయన అలవాటుగా మోటరు ఆపాడు.

"ఎందుకు ఆపినావు నాయనా?"

"ఊట ఊరనియ్యాల గదమ్మా. ఎండిందాకా తోడితే బోరు పాడైతాది."

రజిని ఆ మాట పట్టుకుంది. మర్నాడు జపనీస్ ధార సన్నబడగానే ఫిన్నిష్ అందుకుంది. అది సన్నబడితే స్వాహిలీ. మళ్ళీ జపనీస్‌కి వచ్చేసరికి నీళ్ళూ ఊరాయి, మరిచిన మాటలూ ఊరాయి.

జేసీబీ డ్రైవర్ జాన్సన్ వచ్చేసరికి పాదులన్నీ నిండి ఉన్నాయి. అతను దోసెడు తాగి, చల్లగుండాయి, ఏ దేశపువని అడిగాడు. ఫిన్లాండ్ అంది రజిని. పుల్లయ్య చెట్ల వంక కాసేపు చూసి, పీకడం వద్దు, కాలువ తీసి పొమ్మన్నాడు.

ఆ సాయంత్రం ఆయన చేతులు తుడుచుకుని కూతురి పక్కన కూర్చున్నాడు.

"ఈ మూడింటికీ చుట్టం కాని భాష ఇంకోటి ఉంటే చెప్పు."

"ఎవరికి?"

"నాకు. రేపు నువ్వు ఉద్యోగానికి పోతావు. నీళ్ళ కోసం నిన్ను కట్టేసుకోను తల్లీ."

రజినికి ఏడుపొచ్చింది. పలక తుడిచి, ఫోన్లో చూసి జార్జియన్ మాట ఒకటి రాసి, కింద తెలుగులో దాని పలుకు కూడా రాసిచ్చింది. మన అక్షరాల మాదిరే గుండ్రంగా ఉండాయే అనుకుంటూ ఆయన తడబడుతూ చదివాడు. పైపు దగ్గి, చారెడు నీళ్ళు కక్కింది. పుల్లయ్య వాటిని దోసిట పట్టి మొదటి చెట్టు పాదులో పోసి, రెండో మాట ఏందని అడిగాడు.