నిన్నటి చర్మం చెప్పిన మాట

డ్రైవింగ్ స్కూలు మాస్టారు రోజూ ఏడింటికల్లా కారెక్కి, నేర్చుకునేవాళ్ల పక్కన కూర్చునేవాడు. ఆయన కాళ్ల దగ్గర కూడా ఒక బ్రేకు ఉండేది. ఎవరు కారును గోడ మీదికి పోనిచ్చినా అరిచేవాడు కాదు. బ్రేకు తొక్కి, "మళ్లీ మొదలుపెట్టండి," అనేవాడు, అంతే.

ఏడాదికి రెండు మూడుసార్లు ఆయన ఒళ్లు భగ్గుమనేది. జ్వరం, ఒంటినిండా చీముపొక్కులు. పొక్కులు ఎండాక చర్మమంతా పాము కుబుసంలా ఒకే ముక్కగా ఊడివచ్చేది. భార్య దాన్ని నీడపట్టున ఆరేసేది. ఆరాక అది లేచి, ఆయన పాత చొక్కా తొడుక్కుని వరండాలో కూర్చునేది. పక్కింటివాళ్లు "ఎండ ఎక్కువగా ఉందా?" అని పలకరిస్తే తలూపేది. నాలుగు రోజులకి పొడిపొడిగా రాలిపోయేది.

ఈసారి రోగం తిరగబెట్టగానే భార్య ఆయన్ని పెద్దాసుపత్రికి తీసుకెళ్లింది. అక్కడ కొత్త మందు పరీక్షిస్తున్నారు.

"కొందరికి మందు, కొందరికి ఉత్త సెలైను ఎక్కిస్తాం. ఎవరికేది వెళ్లిందో నాకూ తెలీదు," అంది డాక్టరమ్మ. "ఎనిమిదో రోజుకీ తగ్గనివాళ్లకి మాత్రం అసలు మందే ఇస్తాం. ఇష్టమైతేనే సంతకం పెట్టండి."

మాస్టారు పెట్టాడు. ఆశా లేదు, భయమూ లేదు. సూది గుచ్చుతుంటే ఆ చెయ్యి ఎవరిదో అన్నట్టు చూశాడు.

ఏడో రోజు చర్మం ఊడింది. ఎనిమిదో రోజు డాక్టరమ్మ వచ్చేసరికి అది కిటికీ పక్కన స్టూలు మీద కూర్చుని ఉంది. ఆవిడ మాస్టారి కొత్త చర్మం మీది పొక్కులు లెక్కపెట్టి, నుదురు చిట్లించింది.

"తగ్గిందో లేదో తేల్చలేకపోతున్నాను. మంటగా ఉందా మాస్టారూ?"

"పర్వాలేదండీ."

"కాస్త నిజం చెప్పండి," అంది భార్య. "పాతికేళ్లుగా ఇదే మాట!"

ఆయన గోడవైపు తిరిగాడు. తగ్గిందని రాయడానికి డాక్టరమ్మ కలం తీసింది.

"కాలిపోతోంది," అంది స్టూలు మీది చర్మం. అది మాట్లాడటం అదే మొదలు. "దుప్పటి తగిలినా ప్రాణం పోతోంది. ఈవిడ బయటికెళ్లినప్పుడల్లా తువ్వాలు నోట్లో కుక్కుకుంటున్నాం."

డాక్టరమ్మ అటు తిరిగింది. "మీరు ఈయన చర్మమేనా?"

"నిన్నటిదాకా."

"అయితే రాసుకోవచ్చు," అని రాసుకుంది. ఆ మధ్యాహ్నమే అసలు మందు ఎక్కించారు.

మందు ఎక్కించిన మూడో రోజు నుంచి కొత్త పొక్కు లేవలేదు. "మీ ఒక్కరికి తగ్గితే చాలదు, మిగతావాళ్లకీ తగ్గాలి," అంది డాక్టరమ్మ, నవ్వు దాచుకుంటూ.

ఇంటికి పంపేరోజు భార్య ఆయనకి చొక్కా తొడుగుతోంది. ఆమె అరచెయ్యి ఆయన వీపుకి ఆనింది. ఆయన ఉలిక్కిపడ్డాడు.

"నీ చెయ్యి ఇంత చల్లగా ఉంటుందా?"

"అయ్యో," అని ఆవిడ తీసేయబోయింది.

"ఉండనీ," అన్నాడు.