పక్క నుంచి తెచ్చిన పది

యాభై రెండులోంచి ఇరవై ఏడు తీసేయాలి. వడ్రంగి మేస్త్రీ పొద్దుటి నుంచి నాలుగోసారి కుర్చీలోంచి లేచాడు. కిటికీ దాకా వెళ్లి, చట్రాన్ని జానలతో కొలిచి, మళ్లీ వచ్చి కూర్చున్నాడు. లెక్క ఎక్కడిదక్కడే ఉంది.

టేపు పెట్టకుండానే దూలం పొడవు చెప్పిన మనిషి. మూడు నెలల కిందట మెదడులో నరం చిట్లింది. కాలూ చేయీ దక్కాయిగానీ అంకెలు చెదిరిపోయాయి. చిన్నపిల్లల లెక్కలు రోజూ మెట్టుమెట్టుగా చేయించమన్నాడు డాక్టరు. నర్సుగా పనిచేసే కూతురు డ్యూటీకి వెళ్తూ అయిదు లెక్కలు రాసిపెట్టి పోతుంది.

“రెండులోంచి ఏడు పోదు కదా నాన్నా. పక్కనున్న అయిదు దగ్గర ఒక పది అప్పు తెచ్చుకో,” అంది ఇవాళ చెప్పులు వేసుకుంటూ.

“బుద్ధెరిగాక ఎవరి గుమ్మమూ తొక్కలేదు. ఇప్పుడు ఈ అయిదుగాడి దగ్గరికెళ్లాలా?”

ఆమె నవ్వుతూ వెళ్లిపోయింది. ఆయనకు నవ్వు రాలేదు. ఎనిమిదేళ్లప్పుడు ఆ పిల్ల ఇలాంటి లెక్క దగ్గరే తడబడితే, “నీ బుర్రలో మట్టి!” అంటూ పుస్తకాన్ని వానలోకి విసిరేశాడు. పిల్ల ఏడవకుండా వెళ్లి ఏరి తెచ్చుకుంది. మూడు నెలలుగా ఆ సంగతి నోటిదాకా వచ్చి ఆగుతోంది.

అయిదు కొట్టేసి నాలుగు వేశాడు. రెండు పన్నెండయింది. వేళ్లు మడిచాడు. అయిదు. నాలుగులోంచి రెండు పోతే రెండు. ఇరవై అయిదు! ఇక కూర్చోబుద్ధి కాలేదు. ఇల్లంతా కాలుగాలిన పిల్లిలా తిరిగాడు.

సాయంత్రం కూతురు వచ్చి అయిదు లెక్కలకూ టిక్కు పెట్టింది.

“అప్పుడు నీ పుస్తకం వానలో పారేశానమ్మా,” అన్నాడు ఉన్నట్టుండి.

ఆమె పెన్నుకు మూత పెట్టింది. “అమ్మ ఒక్కో పేజీ విడదీసి ఆరబెట్టిందిలే.”

“కోపం రాలేదూ?”

“వచ్చింది. చాలా ఏళ్లుంది.” లేచి, “టీ పెట్టనా?” అంది.

“పెట్టు.”

కప్పుతో తిరిగొచ్చేసరికి ఆయన తల కుర్చీ వెనక్కి వాలి ఉంది. పిలిచింది. మణికట్టు పట్టుకుంది. ఎందరి నాడినో చూసిన వేళ్లే. అయినా మళ్లీ చూసింది, మళ్లీ చూసింది.

దినాలకు వచ్చిన చుట్టాలు వెళ్లిపోయాక ఒక మధ్యాహ్నం వంటగదిలో స్టూలు లాక్కుని కూర్చుంది. ఏళ్లుగా ఊగే స్టూలు ఊగలేదు. తిరగేసి చూసింది. పొట్టి కాలికి నున్నగా చిత్రిక పట్టిన కొత్త చెక్కముక్క అతికి ఉంది. దాని పక్కన పెన్సిల్‌తో కాళ్ల కొలతలు: నలభై ఒకటి, కింద ముప్పై తొమ్మిది. నాలుగు కొట్టేసి మూడు, ఒకటి నెత్తిన వంకరగా పదకొండు.