ఇరవై ఎనిమిది కీళ్ళు

డాక్టరమ్మ లెక్కపెట్టే కీళ్ళు ఇరవై ఎనిమిది. భుజాలు రెండు, మోచేతులు రెండు, మణికట్లు రెండు, మోకాళ్ళు రెండు, మిగతా ఇరవై చేతివేళ్ళవి. ఒక్కొక్కదాన్నీ బొటనవేలితో నొక్కి చూస్తుంది. వాచినవాటికి కాగితం మీది బొమ్మలో సున్నా చుడుతుంది. పాదాలు లెక్కలోకి రావు. ఆ సంగతి నా పాదాలకు ఎవరూ చెప్పలేదు.

నాది కీళ్ళవాతం. వయసుతో వచ్చే అరుగుదల కాదట. ఒంటికి కాపలా కాయాల్సిందే ఒంటి మీద తిరగబడుతుందట. ఆవిడ బొమ్మ గీసి చెప్పబోతే అక్కర్లేదన్నాను. అలాంటివాళ్ళు నా చుట్టాల్లోనూ ఉన్నారు.

నేను కటింగ్ మాస్టర్ని. నా బావమరిదికి యూనిఫారాలు కుట్టే షెడ్డు ఉంది. అందులో ఇరవై ఏడేళ్ళు గుడ్డ కోశాను. పొడుగు బల్ల మీద పన్నెండు పొరలు పరిచి, పైన నమూనా అట్ట పెట్టి, చుట్టూ సుద్దతో గీసి, పెద్ద కత్తెరతో కోస్తాను. కత్తెర నా సొంతం. పై పొరకీ అడుగు పొరకీ నూలుపోగంత తేడా వచ్చేది కాదు.

నా భార్య ఆ బావమరిదికి తోడబుట్టిన అక్క. పోయి నాలుగేళ్ళయింది. ఆ మధ్యాహ్నం నేను బల్ల దగ్గర ఉన్నాను. పరిస్థితి బాగోలేదు, వెంటనే రమ్మని ఆసుపత్రి నుంచి షెడ్డుకి రెండుసార్లు ఫోన్ వచ్చింది. రెండుసార్లూ వాడే ఎత్తాడు. సాయంత్రానికి పంపాల్సిన చొక్కాలు మూడు వందలున్నాయి. అవి కోయడం అయ్యాక నన్ను ఆసుపత్రికి వెళ్ళమన్నాడు. నేను వెళ్ళేసరికి మొహం మీద దుప్పటి కప్పేశారు. ఫోన్ సంగతి తరవాత నర్సు చెబితే తెలిసింది.

మరి అక్కడే ఎందుకున్నావని కూతురు అడిగింది. బల్ల కోసం ఉన్నాను. నాకు వేరే ఏదీ రాదు.

మరుసటి ఏడు నా జబ్బు మొదలైంది. పొద్దున లేచేసరికి పిడికిలి మూసుకునేది కాదు. మందుల షాపువాడు ఎర్ర బిళ్ళలు ఇచ్చాడు. నొప్పి తగ్గింది, కడుపులో నిప్పు రాజుకుంది. రెండేళ్ళు వాటితోనే ఈడ్చాను. ఒకరోజు నల్లగా విరేచనమైతే కూతురు పట్టుబట్టి పెద్దాసుపత్రికి తీసుకెళ్ళింది.

అక్కడ డాక్టరమ్మ పిడికిలి బిగించమంది. బిగియలేదు. చొక్కాకి ఒక గుండీ తప్పు కాజాలో పెట్టుకున్నాను, దాన్నీ చూసింది. చూసి నా కూతురివైపు తిరిగి, పెద్దాయన తన పనులు తను చేసుకోగలరా అని అడిగింది. నేను చెవిటివాణ్ణి కాను. ఆవిడకి ఇంకోసారి నన్ను అలా చూసే అవకాశం ఇవ్వకూడదని ఆ కుర్చీలోనే అనుకున్నాను.

మొదట పది రోజులకు స్టిరాయిడ్ రాసింది. చిన్న తెల్ల బిళ్ళ. మూడో రోజు పిడికిలి మూసుకుంది. దేవుడు ఇంత చిన్నగా ఉంటాడని అప్పటిదాకా తెలియదు. పది రోజులు దాటితే ఎముకలు గుల్లవుతాయి, షుగరొస్తుంది, ఆపెయ్యమంది. దాని వెనకే పసుపు బిళ్ళ మొదలుపెట్టింది. వారానికి ఒక్కరోజే వేసుకోవాలి. నేను శనివారం వేసుకునేవాణ్ణి. ఆదివారమంతా వాంతులు, నోట్లో పుళ్ళు, మంచినీళ్ళు కూడా తుప్పు రుచి. మూడు నెలలకి రక్తపరీక్షలో లివరు తేడాగా ఉందని ఆపి, నారింజ రంగు బిళ్ళలు ఇచ్చింది. రోజుకి నాలుగు. మూత్రం కూడా ఆ రంగులోనే వచ్చేది. అవి కూడా పనిచేయలేదని తేలితేనే ఇంజక్షన్. ఖరీదైనది, ఆసుపత్రే ఇస్తుంది. రెండు రకాల బిళ్ళలు వాడి ఉండాలి, బొమ్మలో సున్నాలు ఇన్ని దాటాలి, పైన కమిటీ ఒప్పుకోవాలి.

నేను చేసిన పని ఇది. ఆవిడ దగ్గరికి వెళ్ళే రోజు ఇంకా వారం ఉందనగా పాత చీటీ చూపించి చిన్న తెల్ల బిళ్ళలు కొనేవాణ్ణి. రోజుకి నాలుగు మింగేవాణ్ణి. వెళ్ళే రోజు గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, గుండీలన్నీ పెట్టుకుని, పొద్దుటి బిగువు సడలాక పదకొండింటికి వెళ్ళేవాణ్ణి. కూతుర్ని రానివ్వలేదు. ఆవిడ అడక్కముందే పిడికిలి బిగించి చూపేవాణ్ణి. మూడు సున్నాలు, నాలుగు సున్నాలు. మందు బాగా పనిచేస్తోంది, అదే వాడండి అని చీటీ రాసేది. పరీక్ష పాసైనట్టు ఉండేది. ఇంటికొచ్చి బిళ్ళలు ఆపిన నాలుగో రోజుకి చెయ్యి మళ్ళీ కొయ్యముక్క. తొమ్మిది నెలల్లో మూడుసార్లు ఇలాగే పాసయ్యాను.

ఆ చీటీ తెచ్చి బావమరిదికి చూపించేవాణ్ణి. వాడు చదివి మంచిదే బావా అనేవాడు.

షెడ్డు తాళంచెవి నా దగ్గర ఉండేది. అందరికన్నా గంట ముందు వెళ్ళి, బకెట్లో నీళ్ళు కాచి, మోచేతుల దాకా ముంచి కూర్చునేవాణ్ణి. కత్తెర పిడికి గుడ్డపీలికలు చుట్టాను. అయినా కాలర్ల దగ్గర చెయ్యి జారేది. కాలరు వంపు తిరిగే చోట కత్తెర ఆగకూడదు. నాది ఆగేది. చెడిన దొంతర చిత్తుగుడ్డల గోనెలో పడేసి కొత్తది పరిచేవాణ్ణి. వాడు ఏమీ అనేవాడు కాదు. ఆ నోరు ఊరకే ఉందంటే నేను భయపడాల్సింది.

ఒకరోజు పొద్దున మిషన్లన్నీ నడుస్తుండగా వాడు బీరువా తెరిచి ఒక మూట తెచ్చి బల్ల మీద విప్పాడు. అన్నీ కాలర్లు. నేను చెడగొట్టిన ప్రతి దొంతరలోంచీ ఒకటి తీసి దాచాడు. ఒక్కొక్కదాని మీదా నీలం సుద్దతో తేదీ వేశాడు. నలభై మూడు ఉన్నాయి.

"ఎడం కొస చూడు, కుడి కొస చూడు. ఇవి తొడుక్కోవాలంటే వాడికి పుట్టుకతో మెడ వంకరుండాలి," అన్నాడు.

"అట్టలో తేడా ఉంది," అన్నాను.

"అట్ట వంకర, బల్ల వంకర, నేను వంకర. నువ్వొక్కడివే తిన్నగా ఉన్నావు బావా."

ఒకటో తారీఖున కరెంటు కత్తి వస్తోందని, దానికి మనిషిని మాట్లాడానని చెప్పాడు. నన్ను గుండీల దగ్గర కూర్చుని దారాలు కత్తిరించమన్నాడు. నాకోసం కుర్చీకి మెత్త కూడా వేయిస్తానన్నాడు. మూడు నెలలు ఆగమని అడిగాను. జబ్బు ఇంకా నయం కాలేదన్నాను.

"నయమైందని నీ డాక్టరు మూడుసార్లు రాసింది. నువ్వే చూపించావు. బాగైన చెయ్యి ఇలా కోస్తే, ఇంక బాగుపడేదేముంది?"

వాడి మాటలో తప్పు లేదు. నా చెయ్యి ఇక కోయలేదని ఇన్నాళ్ళూ ఒప్పుకోని ఆ ముక్క వాడి నోట్లోంచి వినాల్సొచ్చింది. నొప్పి అని నోటితో చెబితే నీ సొమ్మేం పోతుందని నా భార్య అనేది. ఆవిడకీ ఎప్పుడూ చెప్పలేదు.

ఆ మూట ఇమ్మన్నాను.

"ఎందుకు, తగలబెడతావా?"

"డాక్టరమ్మకి చూపిస్తా."

వాడు కాసేపు నా చేతులవైపు చూశాడు. మూట మీద అరచెయ్యి ఆనించాడు.

"ఇవన్నీ నువ్వే చెడగొట్టావని చెప్పి పట్టుకెళ్ళు. అందరూ వినాలి."

పన్నెండు మిషన్లు ఒక్కొక్కటే ఆగాయి. వాటిమీద కూర్చున్న ఆడవాళ్ళకి ఆ పని నేర్పింది నేను. తల తిప్పకుండా చెప్పాను. "ఈ నలభై మూడూ నేనే చెడగొట్టాను. నా చెయ్యి పనిచెయ్యట్లేదు." వాడు మూట వదిలాడు.

మర్నాడు గడ్డం గీసుకోలేదు. పై గుండీలు రెండు పెట్టుకోలేకపోయాను, వదిలేశాను. ఎనిమిదింటికే వెళ్ళి డాక్టరమ్మ గది ముందు బల్ల మీద కూర్చున్నాను. ఆవిడ నన్ను చూసి గుర్తుపట్టలేదు. లోపలికెళ్ళి మూట విప్పి ఏమిటో చెప్పాను. ఆవిడ నా ఫైలు తెరిచింది. కాలర్లని తేదీల వరసలో పేర్చింది. మూడు చోట్ల ఖాళీ వచ్చింది.

"మీరు నా దగ్గరికొచ్చిన వారాల్లో ఒక్క కాలరూ చెడలేదు. ఏం మింగి వచ్చేవాళ్ళు?"

చెప్పాను. ఆవిడ అరవలేదు. కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టింది.

"అంటే తొమ్మిది నెలలు నేను వైద్యం చేసింది మీకు కాదు. మీ ఇస్త్రీ చొక్కాకి."

మొదటి రోజు నన్ను వదిలేసి నా కూతుర్ని అడిగారు కదా అన్నాను. ఆవిడకి గుర్తులేదు. నాకుంది, అన్నాను. అది నా తప్పే అంది. క్షమించానని నేను అనలేదు. ఆవిడ కూడా నన్ను క్షమించినట్టు కనబడలేదు. తరవాత కీళ్ళు నొక్కింది. పంతొమ్మిది సున్నాలు. ఆరువారాలు తెల్ల బిళ్ళ ముట్టకుండా ఉండి రావాలి, ఇప్పటి లెక్క చెల్లదు అంది. గడ్డం గీసుకుని వస్తే బయటినుంచే పంపించేస్తానంది.

ఆ ఆరువారాలూ గుండీల దగ్గర కూర్చున్నాను. వాడు అన్నట్టే కుర్చీకి మెత్త వేయించాడు, పువ్వుల గుడ్డతో. దారం కత్తిరించడం కూడా కటింగే కదా మాస్టారూ అని పక్కనున్నావిడ నవ్వించబోయింది. నవ్వలేదు. నా బల్ల మీద కరెంటు కత్తి రొద పెడుతుంటే రోజంతా విన్నాను.

ఆరువారాలకి సున్నాలు ఇరవై ఒకటి. కమిటీ ఒప్పుకుంది. క్షయ లేదని ఛాతీ ఫొటో తీసి, ఇంజక్షన్ చేతికిచ్చారు. ఫ్రిజ్‌లో పెట్టుకోవాలి. రెండు వారాలకోసారి పొట్ట మీద చర్మం పట్టుకుని మనమే పొడుచుకోవాలి. మొదటిది పొడుచుకున్నాను, ఏమీ లేదు. రెండోది, అదీ అంతే. ఇదీ ఆ బిళ్ళల చెల్లెలే అనుకున్నాను. ఏడో వారంలో ఒక పొద్దున అద్దం ముందు నిలబడి చొక్కా తొడుక్కుంటున్నాను. కింది గుండీ నుంచి మొదలుపెట్టాను. మెడ దగ్గరికొచ్చాక గానీ తెలియలేదు, ఎక్కడా ఆగలేదని.

నడిచి షెడ్డుకి వెళ్ళాను. గుండీల వైపు పోలేదు. నా కత్తెర బీరువాలో లేదు. బావమరిది వెనకగదిలో నేలమీద కూర్చుని అట్టపెట్టె ఒకటి ముక్కలు చేస్తున్నాడు. నా కత్తెరతో.

గుడ్డ కోసే కత్తెరతో కాగితం కూడా ముట్టరు. పదును పోతుంది. వాడికి తెలియనిది కాదు, వాడి నాన్న కూడా గుడ్డ కోసినవాడే. పనిలేక పడుందని తీశాను బావా అన్నాడు. కత్తెర లాక్కున్నాను. బొటనవేలితో అంచు తడిమాను. రంపంలా అయింది. సానరాయి తడిపి అక్కడే కూర్చుని నూరాను. మధ్యాహ్నం దాకా నూరాను. చెయ్యి నొప్పి పుట్టలేదు. వాడు రెండుసార్లు వచ్చి చూసి పోయాడు. మూడోసారి నిలబడ్డాడు.

"కరెంటు కత్తి కాలరు వంపులో సరిగా తిరగట్లేదు. రెండు దొంతర్లు వెనక్కొచ్చాయి. కాలర్లు నువ్వు కోస్తే, బల్ల సగం ఖాళీ చేయిస్తాను."

"బల్ల మొత్తం కావాలి."

"సరే, మొత్తం."

"ఇంకొకటుంది. మీ అక్క పోయిన రోజు ఏం జరిగిందో చెప్పు. అందరూ వినాలి."

ఇప్పుడెందుకు బావా అన్నాడు. నేను సానరాయి తుడిచి పక్కన పెట్టాను, కత్తెరని గుడ్డలో చుట్టి లేచాను. గుమ్మం దాకా వెళ్ళాను. వెనక మిషన్లు ఆగాయి.

"ఆ రోజు ఆసుపత్రి నుంచి రెండుసార్లు ఫోన్ వచ్చింది," అన్నాడు. "నేనే ఎత్తాను. బావకి చెప్పలేదు."

వాడు కూర్చోవడానికి చోటు వెతుక్కుని, గుండీల దగ్గర మెత్తకుర్చీలో కూలబడ్డాడు. మొహం చేతుల్లో పెట్టుకున్నాడు. ఆడవాళ్ళలో ఒకరు నీళ్ళిచ్చారు. నేను ఇవ్వలేదు.

కరెంటు కత్తి తీసి నేల మీద పెట్టాను. బల్ల తుడిచి, తెల్లగుడ్డ పన్నెండు పొరలు పరిచి, పైన కాలరు అట్ట పెట్టాను. సుద్ద అందుకున్నాను.